కరెంటు టవర్‌కి పన్నీటి స్నానం

ఆ రోజు పొద్దున ఎల్లన్న వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. సౌదీలోని తాయిఫ్ క్యాంపు నుంచి నీళ్ళ బండి తోలుకుంటూ బయల్దేరాలి. దారిలో ఒక అల్లం చాయ్ తాగాలి. హదా కొండ వాలులో ఉన్న కరెంటు టవర్ దగ్గర ఫోర్‌మన్ బాబ్జాన్‌ని కలవాలి. టవర్‌ని శుభ్రంగా కడిగి, మధ్యాహ్నం అన్నం వేళకల్లా గదికి వచ్చి పడుకోవాలి. రెండు రోజులుగా జలుబు చేసి ముక్కులు రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి కనుక పడుకోవడం అన్న మాటమీద అతనికి కొంచెం ఎక్కువ ఆశ ఉంది.

అయినా ఆ రోజు అతను సెలవు పెట్టలేదు. పెట్టమన్నా పెట్టేవాడు కాదు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాటినుంచీ ఎల్లన్న చేసింది నీళ్ళ బండి తోలడం, పైపు మోయడం. పైపు చివర ఉండే ఇత్తడి గన్ను మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళ చేతిలోనే ఉండేది. నిన్న సాయంత్రం బాబ్జాన్ పిలిచి, "రేపు గన్ను నువ్వే పట్టుకో ఎల్లన్నా" అన్నాడు. ఆ సంగతి భార్య ముత్యవ్వకు చెప్పకుండా ఉండటం అతనివల్ల కాలేదు. దారిలో బూఫియా అనే చిన్న టీ హోటల్ కనబడగానే బండి ఆపి, ఇంజన్ అలాగే వదిలేసి, చాయ్ గ్లాసు చేతబట్టుకుని ఫోన్ కలిపాడు.

"ఇయ్యాల గన్ను నాకే ఇచ్చిన్రే!"

అవతల ముత్యవ్వ గొంతు లేచింది.

"గన్నా? నువ్వు కరెంటు పనికి పోయినవా, మిల్ట్రీల కలిసినవా?"

"నీళ్ళ గన్నే. టవర్ మీద పింగాణి బిళ్ళలు కడిగేది."

"కరెంటు మీద నీళ్ళు కొడ్తవా? నీకు సర్ది జేసిందా, మతి పోయిందా?"

"బందువెట్టినంకనే కొడ్తం. గట్ల గాదు, ఇను. ఆడ సముద్రం ఒడ్డుకు, రాబిగ్ దిక్కు, పెద్ద కార్ఖాన ఉంటది. కరెంటు ఆడ పుడ్తది. పుట్టంగనే దాని జోరు పెంచుతరు. గంత దూరం నడ్వాలె గద! తక్వ జోరుతోని ఎల్లగొడ్తె సగం తొవ్వలనే ఏడైపోతది. గట్ల టవర్ల మీదికెళ్ళి ఎడారి దాటి, కొండెక్కి, తాయిఫ్ కొస్తది. ఈడ మళ్ళ జోరు తగ్గిచ్చి, గల్లీ గల్లీకి పంచి, ఇండ్లళ్ళ ఫ్రిజ్జులకు పంపుతరు."

"మరి నడుమల నువ్వేం జేస్తవ్?"

"తొవ్వ కడుగుత."

ఈ జవాబు ఎల్లన్నకే చాలా నచ్చింది. ఎడారి దుమ్ము వచ్చి ఆ పింగాణీ బిళ్ళల దండల మీద పేరుకుంటుందనీ, సాయంత్రం కొండ మీదికి పొగమంచు ఎక్కితే ఆ దుమ్ము బురదవుతుందనీ, తీగలో పోవాల్సిన కరెంటు ఆ బురద పట్టుకుని టవర్‌లోకి దూకుతుందనీ, అప్పుడు ఊరంతా చీకటేననీ వివరంగా చెప్పాడు. మాటల్లో మునిగిపోయి గ్లాసు పెట్టేశాడు, బండెక్కాడు, తోలుకుపోయాడు.

అతను ఎక్కింది తన బండి కాదు.

పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటి ఆగి ఉంది. రెండూ ఒకే అద్దె యార్డువి. తెల్ల క్యాబిన్, వెనక ఇనుప చట్రంలో తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు, పైన నీలం టార్పాలిన్. రెండో బండి లాల్ అహ్మద్ అనే పాకిస్తానీ డ్రైవర్‌ది. అతను లోపల కూర్చుని పరాఠా తింటున్నాడు. అతనూ ఇంజన్ ఆపలేదు, ఏసీ ఆపి క్యాబిన్ వేడెక్కనివ్వడం ఎవరికిష్టం? తిని బయటికొచ్చి, మిగిలిన బండి ఎక్కి, ఊళ్ళో మిఠాయిల కార్ఖానా వైపు వెళ్ళిపోయాడు.

ఎల్లన్నకి అద్దం దగ్గర వేలాడుతున్న జపమాల కొత్తగా కనిపించింది. బాబ్జాన్ భాయ్ కట్టి ఉంటాడనుకున్నాడు. బండి నిండా గుప్పుమంటున్న గులాబీల వాసన మాత్రం అతని దాకా రాలేదు. వచ్చే దారులు రెండూ మూసి ఉన్నాయి.

టవర్ దగ్గర బాబ్జాన్ అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. లైను ఆపించారు. ఎక్కడైనా పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి దిగిపోయేలా తీగలకు ఎర్త్ క్లాంపులు బిగించారు. పంపు, పైకెత్తే బుట్ట ఉన్న క్రేను తయారుగా ఉన్నాయి. బాబ్జాన్‌ది రాయచోటి. ఎల్లన్న బండి దిగడంతోనే ముక్కు ఎగబీల్చి నవ్వాడు.

"ఏమప్పా ఈ వాసన! గన్ను చేతికొచ్చిందని అత్తరు పూసుకోని వచ్చినావా?"

"అత్తరు నేనెందుకు పూసుకుంట భాయ్? నాకు రెండ్రోజుల సంది వాసననే తెల్వదు."

"అయితే తోటల్లోంచి వస్తాండాదిలే. గులాబీల కాలం గదా, ఈ కొండంతా ఇట్లనే ఉంటాది."

అది నమ్మదగిన మాటే. టవర్‌కి కాస్త దిగువన లోయంతా గులాబీ తోటలే. బాబ్జాన్ పద్ధతి తప్పే మనిషి కాదు కనుక, నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే మీటరు ట్యాంకులో ముంచి చూశాడు. ఉప్పు దాదాపు సున్నా చూపించింది. "ఇంత మంచి నీళ్ళు ఈ ఏడు రానే లేదు" అని మెచ్చుకుని పంపు ఆన్ చేశాడు.

ఆ తర్వాతి గంట ఎల్లన్న జీవితంలో చెప్పుకోదగ్గది. బుట్టలో పైకి లేచి, గన్ను భుజానికి ఆనించి, కింది బిళ్ళ నుంచి పై బిళ్ళ దాకా ఒక్కో దండనీ కడిగాడు. గోధుమ రంగు బురద జారిపోయి లోపలి పింగాణీ మెరుస్తుంటే పసిపిల్లకి తలంటు పోసిన తృప్తి కలిగింది. గాలికి తుంపర కొట్టుకుపోయి కింద రోడ్డు మీద పడుతోంది. తోటలు చూడటానికి జిద్దా నుంచి వచ్చిన ఒక కారు ఆగింది. దాని వెనక ఇంకొకటి ఆగింది. అందులోంచి దిగిన ముసలాయన అరచేతులు చాపి ఆ తుంపరని పట్టి ముఖానికి రాసుకున్నాడు. పిల్లలు తలలు పైకెత్తి గంతులేశారు. ఎవరో ఎల్లన్నకి ఫోటో తీశారు.

"ఈ దేశంలో కరెంటోళ్ళకి ఇంత మర్యాద నేనెప్పుడూ చూడలేదప్పా" అన్నాడు బాబ్జాన్ కిందనుంచి.

ఎల్లన్న బుట్ట దిగే సమయానికి మొదటి తేనెటీగ వచ్చింది. అది ఒక దండ చుట్టూ తిరిగి, బిళ్ళ మీద వాలి, ఏం చెప్పిందో గానీ లోయలోకి వెళ్ళి చుట్టాలందర్నీ వెంటబెట్టుకొచ్చింది. కాసేపట్లో టవర్ చేతులకు నల్లటి కుచ్చులు వేలాడదీసినట్టయింది. ఎర్త్ క్లాంపులు విప్పడానికి బాబ్జాన్ బుట్టలో పైకి వెళ్ళాడు. వెళ్ళినదానికంటే చాలా తొందరగా దిగి వచ్చాడు.

"నా వల్ల కాదు. పైన కాలు పెట్టే సందు లేదు."

క్లాంపులు విప్పనిదే లైనులోకి కరెంటు వదలకూడదు. ఊరికి వచ్చే లైన్లు రెండు. ఒకటి ఆపారు కనుక బరువంతా ఇప్పుడు రెండోదాని మీదే ఉంది. సాయంత్రమైతే ఇళ్ళల్లో దీపాలు, కొట్లల్లో ఏసీలు అన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఈలోగా లైను తిరిగి ఇవ్వకపోతే ఎంత గొడవో సైట్ ఇంజనీర్ గోపాలకృష్ణకి తెలుసు. ఆయనది ఏలూరు. మంచివాడే, కాకపోతే కంట్రోల్ రూముతో మాట్లాడాలంటే మాట తడబడుతుంది. అప్పుడే కారు దిగిన ఆయన టవర్ వైపు చూసి, వాసన చూసి, ఇంకోసారి టవర్ వైపు చూసి, ఫోన్ తీశాడు. అవతలివాడు ఈజిప్టు ఇంజనీరు. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి.

"సర్, లైన్ రిటర్న్ కొంచెం డిలే అవుతుంది."

"రీజన్?"

"బీస్, సర్."

హైటెన్షన్ లైనుకి మూడు తీగలుంటాయి. వాటిని ఏ ఫేజ్, బీ ఫేజ్, సీ ఫేజ్ అంటారు. కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి బీ అంటే అదే తప్ప తేనెటీగ అని తట్టదు.

"బీకి ఏమైంది?"

"బీ ఫేజ్ కాదు సర్. బీస్. మెనీ బీస్."

"ఉన్నది ఒక్క బీ కదా! మెనీ ఎక్కడ్నించి వచ్చాయి?"

"అన్నీ ఫ్లయింగ్ సర్, టవర్ చుట్టూ…"

"ఫ్లయింగా! బీ తీగ తెగి ఎగురుతోందా? ఎవర్నీ దగ్గరికి పోనివ్వకు. టెస్టింగ్ టీమ్‌ని పంపుతున్నా!"

గోపాలకృష్ణ "సర్, సర్" అంటుండగానే అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. తిరిగి చేస్తే లైను దొరకలేదు. ఆ ఈజిప్టు ఇంజనీరు అప్పటికే అందరికీ ఫోన్లు చేయడంలో ఉన్నాడు.

కొండ రోడ్డు మీద ముందు టెస్టింగ్ వ్యాన్ వచ్చింది. ఎందుకైనా మంచిదని దాని వెనక అంబులెన్స్ వచ్చింది. ఈ రెంటికీ దారి చేయడానికి ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. హెల్మెట్లు, ఎర్ర దీపాలు, రంగు కోన్‌లు, గాల్లో గులాబీ వాసన, అన్నీ ఒక్కచోట చూసేసరికి దారిన పోయేవాళ్ళు ఇదేదో పూల పండగ అనుకుని కార్లు పక్కకు తీసి చాపలు పరిచారు. ఫ్లాస్కుల్లోంచి గహ్వా కాఫీ పోసుకున్నారు. ఒకాయన ఎల్లన్న దగ్గరికి వచ్చి, ఆట ఎన్నింటికి మొదలని సైగలతో అడిగాడు.

సరిగ్గా అప్పుడే నల్ల అబాయా మీద గచ్చకాయరంగు కండువా చుట్టుకున్న ఒకావిడ, తోట గేటులోంచి ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. పేరు రత్తమ్మ, ఊరు రాజోలు. దిగువన ఉన్న తోట యజమాని అబూ సాలెహ్ ఇంట్లో పనిచేస్తుంది.

"తెలుగోళ్ళేనా బాబూ? మా పన్నీరు పట్టుకుపోయింది మీరేనా?"

ఎల్లన్న ఆశ్చర్యపోయాడు.

"పనీరా? మేం తినలేదక్కా. మా క్యాంపుల పప్పే వండుతరు."

"తినేదేంటయ్యా నా తండ్రీ, చల్లేది! పెళ్ళిళ్ళలో చల్లుతారే, ఆ పన్నీరు! గులాబీ నీళ్ళు! మా అయ్యగారి తోటలో పూసిన పూలన్నీ వండి దింపిన నీళ్ళండి. తెల్ల ట్యాంకులో మిఠాయి కొట్టుకి పంపితే, అక్కడ ట్యాంకు విప్పేసరికి ఉత్త నీళ్ళున్నాయంట! అయ్యగారు మేడ మీదికెక్కి, గాలి ఎటునుంచొస్తుందో చూసి, మీ టవరు కేసి చెయ్యి చూపించారు!"

ఎల్లన్న మెల్లగా బండి వైపు తిరిగాడు. అద్దం దగ్గర జపమాల ఊగుతోంది. నెంబరు ప్లేటు చూశాడు. తనది కాదు. గన్ను ఈ ఒక్క పూటతో సరి, రేపటి నుంచి మళ్ళీ పైపే. పైపు పనికైనా ఉంచుతారో, విమానం ఎక్కించి పంపుతారో!

తప్పు ఒప్పేసుకోవాలనుకున్నాడు. ముందు బాబ్జాన్ దగ్గరికి పోయాడు.

"భాయ్, ఒక ముచ్చట చెప్పాలె. తప్పు నాదే…"

"ఇప్పుడు కాదప్పా, ఆ పోలీసు నా క్రేను జరపమంటాండాడు."

గోపాలకృష్ణ దగ్గరికి పోయాడు.

"సారూ, ఆ నీళ్ళు…"

"నాట్ నౌ, ఎల్లన్నా! టెస్టింగ్ టీమ్‌కి బ్రీఫింగ్ ఇవ్వాలి. ప్లీజ్!"

వినేవాడు ఒక్కడూ దొరక్క నిలబడి ఉండగా పెద్ద తెల్ల కారు వచ్చి ఆగింది. అబూ సాలెహ్ దిగాడు. గడ్డం తెల్లబడ్డ భారీ మనిషి. చేతికర్రతో టవర్‌నీ, బండినీ, ఎల్లన్ననీ వరసగా చూపిస్తూ కేకలు మొదలుపెట్టాడు. ఎల్లన్నకి అరబ్బీ అంతంత మాత్రం. వచ్చిన రెండు మాటలూ కూడదీసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "అనా ఘల్తాన్" అన్నాడు. తప్పు నాదే అని.

అబూ సాలెహ్ ఆగాడు. మొత్తం కొండ మీద తన మాట విన్న మొదటి మనిషి అతనేనని ఎల్లన్నకి అనిపించి, ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ముసలాయనకి ఆ నవ్వు చూసి మళ్ళీ కోపం వచ్చింది. కర్ర పైకెత్తాడు. ఈలోగా చాప మీదనుంచి ఒక పెద్దమనిషి లేచి వచ్చి సలాం చెప్పి, ఇంత మంచి పన్నీరు తాను ఈ ప్రాంతంలో ఎక్కడా వాసన చూడలేదనీ, ఇదెవరి తోటదో తెలుసా అనీ అడిగాడు.

కర్ర కిందికి దిగింది.

"మాదే" అన్నాడు అబూ సాలెహ్.

"సీసాల్లో దొరుకుతుందా?" అని ఆ వెనకనుంచి ఇంకొకరు.

అబూ సాలెహ్ ఎల్లన్న వైపు చూశాడు. రోడ్డు పొడవునా నిలిచిన కార్ల వైపు చూశాడు. రత్తమ్మని పిలిచి గోదాము తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇప్పుడే వస్తానండయ్యా!" అని రత్తమ్మ తెలుగులోనే అరిచి పరుగెత్తింది. పాపం, సీసాల పెట్టెలు మోయలేక రెండోసారికి ఎల్లన్నని కూడా తోడు తీసుకుపోయింది. పెద్ద తెల్ల కారు ముందు భాగం మీద అంగడి పెట్టారు. ఎల్లన్న సీసాలు అందిస్తుంటే రత్తమ్మ సంచుల్లో వేసింది. ముసలాయన ఒక్కో సీసా ఇస్తూ టవర్ వైపు చూపించి ఏదో చెప్పసాగాడు. వాసన గ్యారంటీ అని కాబోలు.

ఈ సందట్లోకి లాల్ అహ్మద్ ఎల్లన్న బండి తోలుకుంటూ వచ్చాడు. దూరంనుంచే తన బండిని గుర్తుపట్టి చేతులు పైకెత్తేశాడు.

"అరె భాయ్, తుమ్ హో! మేరీ గాడీ లే గయే!"

ఎల్లన్న వెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాఫ్ కరో భాయ్. ఫోన్ మే బీవీ థీ."

ఫోన్లో భార్య ఉందంటే లాల్ అహ్మద్ వెంటనే క్షమించేశాడు. అతని కష్టం అతనూ చెప్పుకున్నాడు. మిఠాయి కార్ఖానా యజమాని గరిటెడు నీళ్ళు తీసి వాసన చూసి, ఇదేమిటన్నాడు. తాయిఫ్‌లో దీన్ని మించింది లేదని లాల్ అహ్మద్ అమ్మ మీద ఒట్టేశాడు. పనివాళ్ళందరూ వరసగా వచ్చి వాసన చూశారు. ఎవరూ ఏమీ అనలేదట. అందరూ తన భుజం తట్టి పోయారట. "ఉస్ సే అచ్ఛా థా కి మార్ లేతే" అన్నాడు. అంతకంటే కొట్టినా బాగుండేదని.

"నీళ్ళున్నయా మరి?" అన్నాడు ఎల్లన్న తెలుగులోనే, ట్యాంకు కొట్టి చూస్తూ. గరిటెడు తప్ప నిండుగా ఉన్నాయి.

ఇప్పుడు గోపాలకృష్ణ ఎల్లన్న మాట వినక తప్పలేదు. పూర్తిగా విన్నాడు. "మనం కడిగే నీళ్ళూ, పన్నీరూ రెండూ ఆవిరి పట్టి దించినవే కదా, ఉప్పుండదు. అందుకే మీటర్ పాస్ చేసింది" అన్నాడు బాబ్జాన్‌తో, నవ్వాలో వద్దో తేలక. "సరే, గో అహెడ్. ఇంకోసారి కడుగు. ఈసారి నీళ్ళతో."

వల గుడ్డ ముసుగేసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఎల్లన్న మళ్ళీ బుట్ట ఎక్కాడు. దూరం నుంచే, గన్ను జోరు తగ్గించి, తేనెటీగలకి దెబ్బ తగలకుండా వానలా పోశాడు. వాసన పలచబడేకొద్దీ అవి ఒక్కొక్కటే లేచి, ఎండ చల్లారుతున్న లోయలోకి దిగిపోయాయి. చాపల మీది జనం చప్పట్లు కొట్టారు.

టవర్ ఖాళీ కాగానే టెస్టింగ్ టీమ్ వాళ్ళు మేం వచ్చిన పని చూసుకుంటామన్నారు. బీ ఫేజ్‌లో ఏమీ లేదని గోపాలకృష్ణ ఎంత చెప్పినా, వాళ్ళకి పైనుంచి వచ్చిన ఆర్డరు బీ ఫేజే. బుట్టలో పైకి వెళ్ళి దండలో ఒక్కో బిళ్ళనీ పరీక్షించారు. రెండుసార్లు స్నానం చేసి అద్దంలా మెరుస్తున్న ఆ పింగాణీలో, పైనుంచి మూడో బిళ్ళ దగ్గర ఆగారు. అంచు నుంచి లోపలి దాకా వెంట్రుకంత పగులు.

కిందికి దిగాక వాళ్ళ పెద్ద గోపాలకృష్ణ చేయి పట్టుకుని ఊపాడు. దుమ్ము కప్పి ఉంటే అది కనిపించేదే కాదు. ఈ రాత్రి పొగమంచులో కరెంటు వదిలితే ఆ బిళ్ళ పగిలి, దండ తెగి, లైను పోయేది. బరువంతా పడి రెండో లైనూ పోయేది. సగం తాయిఫ్ కొవ్వొత్తులు వెతుక్కునేది.

బిళ్ళ మార్చారు. క్లాంపులు విప్పారు. లోయలోంచి తెల్లటి పొగమంచు మెట్లెక్కినట్టు పైకి వస్తుండగా లైనులోకి కరెంటు వచ్చింది. ఎల్లన్న చెవి రిక్కించాడు. తీగల్లోంచి సన్నటి హోరు, సముద్రం ఒడ్డునుంచి ఎడారి దాటి కొండెక్కి వచ్చిన దాని ఆయాసంలా వినిపించింది. కింద ఊళ్ళో ఒక్కో వీధీ వెలిగింది. తాను కడిగిన దారినే వచ్చింది గదా అనుకుంటే ఛాతీ కొద్దిగా పొంగింది.

బాబ్జాన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎల్లన్న అడగలేక అడిగాడు.

"భాయ్, రేపటి సంది పైపేనా?"

"గన్ను నీదేలే. బాగా పట్టినావు. బండి తాళంచెవి మాత్రం ఇట్లియ్యి."

అబూ సాలెహ్ ఖాళీ పెట్టెలు కారులోకి ఎత్తించి, గోపాలకృష్ణని పక్కకి పిలిచాడు. వచ్చే ఏడు కూడా టవర్ కడగడం పూల రోజుల్లోనే పెట్టుకోవాలనీ, నీళ్ళు తానే ఇస్తాననీ అన్నాడు. కుదరదంటే ముసలాయన చాలాసేపు బతిమాలాడు. ఇంతలో కంట్రోల్ రూము నుంచి ఫోన్ వచ్చింది.

"శభాష్! కింద నిలబడి, ఏ పరికరమూ లేకుండా, లోపం బీలోనే ఉందని ఎలా కనిపెట్టావు?"

గోపాలకృష్ణ అబద్ధం ఆడే మనిషి కాదు. గొంతు సవరించుకుని నిజమే చెప్పాడు.

"సర్, అసలు సంగతి ఏమిటంటే, ఇట్ వాస్ బీస్."

"అదే కదయ్యా నేనూ అంటున్నది!" అన్నాడు అవతలాయన పరమానందంగా.

ఆ రోజునుంచి కంట్రోల్ రూముతో ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే గోపాలకృష్ణ బహువచనం జోలికి పోవడం లేదు.